రత్నమ్మ గొంతు పలికే పలక

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్లు పొద్దున్నే టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఆటో ఎక్కుతారు. రత్నమ్మ పని పలకకు చెక్క ఫ్రేము బిగించడం. ఎవరు బిగిస్తే వాళ్ల గొంతుతోనే పలక తన మీద రాసింది చదువుతుంది గదా, అందుకని రత్నమ్మ పలకలంటే బళ్లలో మహా గిరాకీ. ఆమె పక్కన పనిచేసే అబ్రహాము బిగించినవి ఎక్కాల మధ్యలో బీడీ దగ్గు దగ్గుతాయి, పాపం.

రత్నమ్మకు మాత్రం ఒక్క అక్షరం రాదు.

ఆమె కూతురు కేథరిన్‌కు పదేళ్లు. ఫ్యాక్టరీలో కొత్త కోత మిషను మీద చైనా అక్షరాలు చూసిన రోజు నుంచి ఆ పిల్లకు అదే పిచ్చి. ఇంట్లో వాడే మాటలన్నీ ఫోనులో చూసి పలక మీద ఆ అక్షరాల్లో దించేది. తిన్నావా, నోరు తెరువు, మొండికెయ్యొద్దు. పలక వాటిని తల్లి గొంతుతో, చైనీసులో గడగడా చదివేది.

"నా గొంతు నాకే విసుగొస్తాందే!" అని పొయ్యికాడ రత్నమ్మ నవ్వేది. అట్ల ఏడాది గడిచింది.

ఒంగోలు ప్రసన్న మేడం ఫోనులో ఉచితంగా చైనీసు చెబుతుందని తెలిసింది. ఒక్క సీటే మిగిలుంది. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా పిల్లతో రోజూ చైనీసు మాట్లాడాలని షరతు. ఆదివారం వీడియో కాల్లో చూస్తానంది.

"మనింట్లో ఎవురుండారుమా మాట్లాడేదానికి?" కేథరిన్ ముఖం చిన్నబోయింది.

రత్నమ్మ తన వేలిముద్ర బతుకును తిట్టుకుని ఏడ్చింది. ఆఖరికి తెగించింది. "జవాబులు పలక మీద రాయి. కొంగు కింద పెట్టుకుంటా. అది మాట్లాడతాది, నేను పెదాలాడిస్తా."

శనివారం తల్లీకూతుళ్లు ఆ పలకకు దొండాకూ బొగ్గూ నూరి పట్టించినారు, నిగనిగలాడాలని. కొంగు కింద దాక్కునే పలకకు నిగారింపు దేనికో! ఆ పూత కాస్తా దాని గొంతుకు అడ్డం పడింది.

ఆదివారం చర్చి నుంచి వస్తానే ఫోను మోగింది. మేడం చైనీసులో ఏదో అడిగింది. కొంగు కింద పలక ఖళ్లుఖళ్లున దగ్గింది. మళ్లా అడిగింది. మళ్లా దగ్గే. కేథరిన్ కళ్ల నిండా నీళ్లు తిరిగినాయి.

బిడ్డ కళ్లు చూసేసరికి రత్నమ్మకు ఒళ్లు మండింది. పలకను బయటికి లాగి, "నోరు తెరువు! ఇప్పుడా మొండికేసేది? నా బిడ్డ ఏడుస్తాంటే కనపళ్లేదా?" అని దులిపేసింది.

అంతా చైనీసులోనే. ఆ సంగతి ఆమెకే తెలీదు. మేడం పడీపడీ నవ్వింది.

"ఎక్కడ చదువుకున్నావమ్మా?"

"యాడా లేదు మేడం." రత్నమ్మ పలక ఎత్తి చూపించింది. "మోసం చేయబోయినా. నా తప్పుకు పిల్ల సీటు తీసెయ్యాకండి."

"పిల్లకు సీటు ఇచ్చేశాను. నీకు పని ఇస్తున్నా. మీ వీధి పిల్లలకు మాటలు నేర్పించు, రాత నేను చూసుకుంటా."

సోమవారం సాయంత్రం ఆమె వాకిట్లో పదకొండు మంది పిల్లలు చాపల మీద కూర్చున్నారు. రత్నమ్మ గడప దాటి బయటికి రాగానే అంతా లేచి నిలబడి, "గుడీవినింగ్ టీచర్!" అని అరిచినారు.

జన్మలో బడి ముఖం చూడని రత్నమ్మ, ఎవరొచ్చినారా అని వెనక్కి తిరిగి చూసింది.