దాలమ్మ వేలు పట్టని కంప్యూటర్

నేను ఒక పాత కంప్యూటర్‌ని. విశాఖపట్నంలో మెట్ల కింది ఇరుకు దుకాణంలో, ఎక్కడెక్కడివో ముక్కలు తెచ్చి నన్ను బిగించారు. అప్పట్లో మీట నొక్కిన మనిషి కుర్చీ సర్దుకునేలోపే లేచి కూర్చునేదాన్ని. ఒక కాలేజీ వాళ్లు నన్ను కొన్నారు. పిల్లలు నాతో పాఠాలు చదివింది తక్కువ, ఆటలాడింది ఎక్కువ. నాకు ముసలితనం వచ్చిందని తేలాక కాలేజీ యజమాని నన్నొక ఆసుపత్రికి దానమిచ్చాడు. తనకు పనికిరానిది ఇస్తూ మనిషి అంత సంతోషంగా ఫొటో దిగగలడని నాకు ఆరోజే తెలిసింది. నా వీపు మీద ఆయన పేరు ఎర్రరంగుతో రాయించారు. నాలో ఏది చెడినా ఆ రంగు మాత్రం చెడలేదు.

ఆ ఆసుపత్రి జీడితోటల ఊళ్ల మధ్య ఉంది. అక్కడ చాలామందికి మూత్రపిండాలు పాడైపోయాయి. వారానికి మూడుసార్లు వచ్చి, నాలుగేసి గంటలు మంచం మీద పడుకుని, మిషన్‌తో రక్తం శుభ్రం చేయించుకుని వెళ్తారు. నన్ను ఆ గది గుమ్మంలో పెట్టారు. రోగి నా పక్కనున్న చిన్న పెట్టె మీద వేలు ఆనించాలి. ఈ మనిషి ఆ మనిషేనని నేను ఒప్పుకోవాలి. అప్పుడే మంచం. మధ్యాహ్నానికి రెండో జట్టు వచ్చేస్తుంది కాబట్టి పొద్దుటి జట్టు అప్పటికి లేచి తీరాలి. నేను ఎంతసేపు ఆలస్యం చేస్తే అంతసేపటి విషం వాళ్ల ఒంట్లోనే ఉండిపోతుంది.

నా ముందు కూర్చునే అమ్మాయి కుసుమ. నన్ను ఆపితే మళ్లీ లేవనేమోనన్న భయంతో ఎప్పుడూ ఆపేది కాదు. తనకిచ్చిన ఫ్యాను నావైపు తిప్పి తాను చెమటలో కూర్చునేది. నా ముఖం మీద గుండ్రం తిరుగుతున్నంతసేపూ పూలు కట్టుకునేది. మూర నిండినా నేను రోగి పేజీ తెరిచేదాన్ని కాదు. కొత్తది కావాలని పైఅధికారిని అడిగితే, "నడుస్తోంది కదమ్మా" అన్నాడు. ఈడ్చుకోవడాన్ని కూడా వాళ్లు నడకే అంటారు.

ఆ వరసలో దాలమ్మ ఉండేది. చిన్నప్పటినుంచీ జీడిపిక్కలు ఒలిచిన మనిషి. పిక్కల సొన ఆమె వేళ్ల మీది గీతలన్నీ తినేసింది. ఆమె వేలు పెడితే నాకు ఏమీ కనిపించేది కాదు. కాదంటే ఆ పేజీ మళ్లీ మొదటినుంచి తెరవాలి. మళ్లీ గుండ్రం.

"ఈయేలైనా నీ పెట్టె నన్ను గుర్తుపడతాదేటమ్మా?" అని అడిగేది దాలమ్మ.

"పడతాదిలే పిన్నీ. వేలు తుడుసుకో."

వెనక నిలబడ్డ అప్పలస్వామి ఊరుకునేవాడు కాదు. "దాలమ్మత్తా, వేలు ఇంటికాడ మర్సిపోయి వచ్చినావేటి?"

"నీ నోరు మర్సిపోయి రావాల్సిందిరా," అనేది దాలమ్మ. వరసంతా నవ్వేది. నేను మాత్రం తిరుగుతూనే ఉండేదాన్ని.

నిమ్మచెక్కతో రుద్దారు. కొబ్బరినూనె రాశారు. జుట్టుకు తుడిచి పెట్టమన్నారు. ఒకరోజు కుసుమ తెగించి దాలమ్మను ముందు మంచమెక్కించి, వేలు తరవాత వేయించింది. మర్నాడే పైనుంచి ఫోను వచ్చింది. వేలు పడకుండా సూది పడితే నీ ఉద్యోగం ఉండదన్నారు. కుసుమ మళ్లీ తెగించలేదు.

దాలమ్మ కోసం వరసంతా ఆగేది. ఎవరూ పైకి తిట్టలేదు. గోడ గడియారం వైపు చూసేవారు, అంతే. ఆ చూపులు దాలమ్మకు అర్థమయ్యాయి.

"నన్ను ఆకర్న ఎట్టీయమ్మా. నా మూలంగా ఈళ్లందరి టైమూ పోతంది."

"ఆకర్నైతే నీకు సగం కూడా దక్కదు పిన్నీ."

"దక్కినకాడికే."

వద్దని ఒక్కరైనా అంటారేమోనని కుసుమ అందరి ముఖాలూ చూసింది. అప్పలస్వామి తలొంచుకుని ముందుకు జరిగాడు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ప్రతివాడి ఇంట్లోనూ వాడికోసం చూసేవాళ్లున్నారు.

ఆ తరవాత దాలమ్మ బల్ల చివర కూర్చునేది. ముందు కాళ్లు వాచాయి, చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చేది. తరవాత ముఖం వాచింది. చివరిసారి ఆమె వేలు నేను ఒప్పుకునేసరికి రెండో జట్టు లోపలికి వస్తోంది. కుసుమ నర్సును బతిమాలితే కాసేపు మంచం దొరికింది. దిగి వెళ్తూ దాలమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఎల్తన్నానమ్మా."

"ఎల్లొస్తానని అనాల పిన్నీ," అంది కుసుమ.

దాలమ్మ నవ్వింది గాని ఆ మాట అనలేదు.

మళ్లీ ఆ జట్టు వంతు వచ్చిన పొద్దున, దాలమ్మను తీసుకొచ్చే ఆటో అతను ఖాళీ ఆటోతో వచ్చాడు. తెల్లారగట్ల ఊపిరందక దాలమ్మ పోయిందని కుసుమకు గుమ్మంలోనే మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు. కుసుమ వచ్చి నా ముందు కూర్చుంది. వరస కదిలింది. ఒకరి తరవాత ఒకరి వేలు పడింది. ఎవరికోసమూ నేను మొదటికి వెళ్లవలసిన పని లేకపోయింది. ఎన్నడూ లేనంత పెందలాడే వరసంతా మంచాలెక్కేసింది.

లోపలినుంచి అప్పలస్వామి గొంతు వినిపించింది. "కుసుమా, ఈయేల నీ పెట్టె బేగి నడస్తంది. బాగు సేయించినావేటి?"

 ఆ ఆసుపత్రిలో నన్నొకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి.