ఇరవై ఐదోది

తడి తునికాకు వాసన.

ఆరితే పగులుతుంది ఆ బీడీలు చుట్టే ఆకు. అందుకే తడిగుడ్డ చుట్టి ఉంచుతారు. మెదక్‌లో ఆ గల్లీ పొడుగునా అదే వాసన — ఇంటింటికీ ఒక చాట, చాటలో బీడీలు, చాట ముందు ఒక ఆడమనిషి.

సృజన ఇంట్లో చాట ముందు అమ్మ ఉండేది. బాలమణి.

కట్టకు ఇరవై ఐదు బీడీలు. అమ్మ చుట్టేది, బిడ్డ లెక్కపెట్టేది. ఒకటి… రెండు… మూడు… ఇరవై నాలుగు దాకా బిడ్డ వంతు.

ఇరవై ఐదు అమ్మది.

"ఇరవై ఐదు!" అంటూ అమ్మ దారం బిగించేది. తంబాకు అంటిన వేలితో బిడ్డ ముక్కు మీద తట్టేది. బిడ్డ తుమ్మేది. రోజుకు ఎన్ని కట్టలైతే అన్నిసార్లు అదే ఆట, అదే తుమ్ము, అదే నవ్వు. విసుగన్నది లేదు ఆ తల్లీబిడ్డలకు.

వానలు పడుతున్నప్పుడు బాలమణికి జ్వరం వచ్చింది. మూడు రోజులు దవాఖానలో ఉంది.

నాలుగో రోజు లేదు.

ఇప్పుడు ఆ చాట ముందు ఐలవ్వ కూర్చుంటుంది. బాలమణిని కన్నతల్లి. కూతురి చాటలో చెయ్యి పెట్టడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? ఒప్పకపోయినా పెట్టింది. మనవరాలు రెండో తరగతి. అది చదువుకోవాలి… ఐలవ్వకు మిగిలిన ఆశ అదొక్కటే.

మెహ్జబీన్ టీచర్ ఒకనాడు ఐలవ్వను బడికి పిలిపించింది.

"మస్తు హుషారు పిల్ల అవ్వా. కానీ ఇరవై నాలుగు కాడ ఆగిపోతది. తలుపు దిక్కు చూసుకుంట నిలబడ్తది. అడిగితే ఇరవై ఐదు అమ్మది అంటది. ఇంటికాడ అమ్మ జాగల అది మీరు అనుండ్రి జర. అలవాటైతది."

టీచర్ మంచికే చెప్పింది. ఐలవ్వ మంచికే విన్నది.

ఆ సాయంత్రం సృజన లెక్కపెట్టింది. ఇరవై రెండు… ఇరవై మూడు… ఇరవై నాలుగు.

ఆగింది. గడప వైపు చూసింది. గడప అవతల చినుకులు పడుతున్నాయి.

"ఇరవై ఐదు" అంది ఐలవ్వ. లేని నవ్వు తెచ్చుకుని. దారం బిగించింది. ముక్కు మీద తట్టింది కూడా.

పిల్ల తుమ్మలేదు. ఏడవలేదు. అమ్మమ్మ నోటి వైపు చూసింది — ఎవరి వస్తువో అడగకుండా తీసుకున్న మనిషిని చూసినట్టు.

మర్నాడు ఇరవై మూడు దగ్గర ఆగింది.

ఐలవ్వకు అర్థం కాలేదు. "ఇరవై నాలుగు బిడ్డా" అని అందించింది.

ఆ మర్నాడు ఇరవై రెండు దగ్గరే.

అందించింది. అందించిన ప్రతి అంకెనూ పిల్ల వదిలేసుకుంటూ పోయింది. ఇరవై… పదిహేను… తొమ్మిది… మూడు… అమ్మమ్మ నోట పడిన అంకె ఇక అమ్మ కోసం దాచడానికి పనికిరాదు. అందుకని అంతకు ముందుదాన్ని దాచుకునేది.

ఆ సంగతి ఐలవ్వకు తెలిసేసరికి బతుకమ్మ పండుగ వెళ్లిపోయింది.

"నీ జాగ నేనే కబ్జా చేస్తి గదనే బాలమణీ!" అని గుండెలు బాదుకుంది. ఎంత బాదుకుంటే ఏం లాభం? బడిలో పలక ఇస్తే పిల్ల బోర్లా పెడుతోందట. "ఇంకేం చేద్దాం అవ్వా?" అని టీచర్ ఫోన్‌లో అడిగింది.

కూతురు పోయిందని తను ఒప్పుకుంది. పిల్ల ఒప్పుకోలేదు. ఏది సరైనదో ఐలవ్వకు తెలియదు.

ఈరోజు ఆదివారం. చలిగాలి మొదలైంది. ఐలవ్వ ఏమీ అడగలేదు, పిల్ల తనంతట తానే వచ్చి కూర్చుంది. చాటలో ఒక బీడీ మీద వేలు పెట్టింది.

"ఒకటి."

ఆగింది. గడప వైపు చూసింది.

ఐలవ్వ నాలుక మీదికి వచ్చేసింది — రెండు. కొంగు నోట్లో కుక్కుకుంది. తను రెండు అంటే ఆ ఒకటి కూడా పోతుంది. అనకపోతే… అనవలసిన మనిషి రాదు.

ఇద్దరూ గడప వైపే చూస్తూ కూర్చున్నారు.

తడిగుడ్డ కప్పడం ఎవరికీ గుర్తులేదు. చాట పక్కన తునికాకు… మెల్లగా ఆరిపోతోంది…