యాట అన్న చీటీ

సిగ్గు లేని పిల్లనని మా అమ్మ నన్ను తిట్టేది. సిగ్గు నాకు లేక కాదు, సమయానికి రాదు. ఈసారి అది వచ్చేసరికి ఒక మనిషి పని పోయింది.

మాది హన్మకొండలో కిరాణా కొట్టు. ఇంట్లో గుడ్డు పేరెత్తినా గొడవే. అలాంటి నేను గొర్రెల, మేకల కడుపులో బతికే శిలీంధ్రాల మీద పరిశోధన చేస్తాను. అవి బూజు కుటుంబమే గానీ గాలి తగిలితే చస్తాయి. గడ్డిలోని నారను నమిలినట్టు చేసి పశువుకు బలమిస్తాయి. తోకలతో ఈదుతుంటే చూసి, ఒకప్పుడు పండితులే వీటిని సూక్ష్మజంతువులనుకున్నారు. తోక ఒకటేనా, గుత్తిగా ఉన్నాయా, వేళ్లలాంటి పోగులు కొమ్మలేశాయా, డీఎన్‌ఏ ఏమంటోంది, ఇవన్నీ చూసి ఏ జాతో తేలుస్తాం. ఆ పనిలో నన్ను మించినవాళ్లు లేరని నా పొగరు.

మాంసం కోసే దుకాణం నుంచి కడుపులోని మేతను ఫ్లాస్కులో తెచ్చేది మొగిలయ్య. స్టేషన్ ఘన్‌పూర్ మనిషి, మా కాలేజీ ల్యాబ్‌లో రోజుకూలీ. ఒక ఫ్లాస్కు మీద చీటీ అంటించి 'యాట' అని రాశాడు. యాటంటే మేకే కదా అని నేను రిజిస్టరులో మేక అని ఎక్కించాను. అడగొచ్చు. ఇంత చదివి ఇదీ తెలియదా అనుకుంటాడని నామోషీ.

ఆ ఫ్లాస్కులోనే కొత్త జాతి దొరికింది. లాటిన్‌లో 'మేకది' అని అర్థమొచ్చే పేరు పెట్టి పేపర్ వేశాను, మిఠాయిలు పంచాను. ఎనిమిది నెలలకు వేరే ల్యాబ్ వాళ్లు, మా దగ్గర దాచిన ఆ మేతను తెప్పించుకుని, అందులో పశువు డీఎన్‌ఏ చూసి, అది గొర్రె అని రాశారు. పేరు మార్చుకునే దారి కూడా లేదు. నియమం ప్రకారం ఒకసారి పెట్టిన పేరు, అర్థం తప్పయినంత మాత్రాన పోదు.

వరండాలో మొగిలయ్యను ఆపి అడిగాను. "మా దిక్కు గొర్రైనా మేకైనా, కోతకు పోయేదాన్ని యాటనే అంటం మేడం," అన్నాడు. ఆ మాట విన్న చెవులతోనే లోపలికి వెళ్లి, తప్పెవరిదో రాసిమ్మన్న హెడ్ కిషన్ రావు సారుకు 'చీటీ సరిగా రాయలేదు' అని రాసిచ్చాను. మర్నాటి నుంచి మొగిలయ్యను రావొద్దన్నారు. ఛీ, ఏం బతుకు నాది!

నాలుగు రోజులు అన్నం సయించలేదు. తప్పు నాదేనని, ఆయన్ని మళ్లీ తీసుకోమని ఇంకో ఉత్తరం రాసి, సంచిలో పెట్టుకుని, ఆదివారం కాజీపేటలో రైలెక్కి ఘన్‌పూర్‌లో మొగిలయ్య ఇంటికి వెళ్లాను. ముందు ఆయనకు చెప్పి, తర్వాత సారుకు ఇద్దామని. ఆయన భార్య సమ్మమ్మ కుర్చీ తుడిచి చాయ్ ఇచ్చింది. నేను నోరు తెరిచేలోపే మొగిలయ్య మొదలుపెట్టాడు.

"నాదే తప్పు మేడం. మీరు కోమట్లు, మీకెట్ల ఎర్కైతది? గొర్రె అని సాఫ్‌గ రాస్తే అయిపోతుండె. నా వల్ల మీ పేరు ఖరాబైంది. జర మాఫ్ చేయుండ్రి."

కాదు, తప్పు నాది. ఇంతే చెప్పాలి. సమ్మమ్మ నా మొహంలోకే చూస్తోంది. చాయ్ చల్లారిపోయింది. చివరికి నా నోట్లోంచి ఊడిపడింది ఇది: "పోనీలే మొగిలన్నా. ఇగ ముందు జర చూసి రాయి."

ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

సోమవారం సారుకు ఉత్తరం ఇచ్చాను, తిట్లు తిన్నాను. మొగిలయ్యను మళ్లీ తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారో ఆయనకెవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మేడం మాఫ్ చేసిందని అందరికీ చెప్పుకుంటున్నాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే నా బల్ల తుడిచి, నిలబడి నాకు నమస్తే పెడతాడు.