వేటగాడి కూతురు

మా ఆయన సంవత్సరీకానికి సెలవు పెట్టి, తిరిగి బడికొచ్చిన సోమవారం పొద్దున, ప్రార్థన గంట ఇంకా కొట్టకముందే పోలమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. ఆ వేళప్పుడు ఆమె చేపల గంప నెత్తిన పెట్టుకుని ఆటో కోసం పరుగెత్తుతూ ఉండాలి. ఆ రోజు చేతులు ఖాళీగా ఉన్నాయి.

"టీచరమ్మా, మా గుంటకి ఏటి సెప్పినారమ్మా మీ బళ్ళో?" అంది, పలకరింపు కూడా లేకుండా.

మాది సముద్రం ఒడ్డున ఉన్న చిన్న బడి. శ్రీకాకుళం నుంచి వచ్చే బస్సుకి ఇదే ఆఖరి ఊరు. ఐదు తరగతులకీ ఇద్దరమే, నేనూ, హెడ్మాస్టరు నరసింగరావుగారూ. పోలమ్మ మనవరాలు గౌరి మూడో తరగతి చదువుతోంది. దాని తండ్రి లక్ష్ముడు ఈ ఆషాఢంలో వేటకెళ్ళి, పడవ తిరగబడి పోయాడు. ఇక్కడ సముద్రం మీదికి చేపలకి వెళ్ళడాన్ని వేట అనే అంటారు. హాజరు పిలిచేటప్పుడు ఎవరైనా రాకపోతే పక్కవాడు లేచి, "ఆడు ఆల్ల అయ్యతో ఏటకెల్నాడు టీచర్" అని చెప్తాడు.

"ఏమైంది పోలమ్మా?" అన్నాను.

"ఏటవుతాది? సేప ముట్టదు. నన్ను గంప ఎత్తనివ్వదు. ఆల్ల బాబాయి ఏటకెల్తానంటే వల మీద కూకుండిపోతాది. లెగమంటే లెగదు. కొట్టినాం కూడా అమ్మా, అబద్ధమెందుకు. అయినా లెగదు. ఏటకెల్తే పాపం, నీల్లు లాక్కుపోతాయి, అయ్యని అందుకే లాక్కుపోనాయి అంతన్నాది. ఎవులు సెప్పినారే అంటే బళ్ళో సారు సెప్పినారు, పుస్తకంలో రాసున్నాది అంతాది." నా దగ్గరికి ఒక అడుగు వేసింది. "మీ పుస్తకంలో నా కొడుకు పాపిష్టోడని రాసుందేటమ్మా?"

"నేను సెలవులో ఉన్నాను. కనుక్కుంటాను."

"కనుక్కోండి. మీ పుస్తకాలు మీరే సూసుకోవాల. మాకు రావు కదా." వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

నరసింగరావుగారు చాలా సంతోషంగా ఉన్నారు. "అమ్మా, మన బడి వీడియో చూశావా? గ్రూపులో ఎన్ని చప్పట్లో!" అంటూ ఫోను నా చేతిలో పెట్టారు. చుట్టుపక్కల బళ్ళన్నిటికీ శిక్షణ ఇచ్చే ధనరాజ్ అనే అతను, బొమ్మల పుస్తకాలతో పాఠం ఎలా చెప్పాలో చూపించడానికి నేను లేనప్పుడు వచ్చి, నా తరగతికే చెప్పాడట.

బొమ్మల పుస్తకాలంటే నాకు ఇష్టం. పాఠ్యపుస్తకం ఇస్తే ఆవలించే పిల్లలు ఏనుగు బొమ్మ కోసం కొట్టుకుంటారు. మా బీరువాలో ఉన్నవి చాలావరకు నేను కొని తెచ్చినవే. ధనరాజ్ చెప్పిన పుస్తకం వాటిలోది కాదు, పైనుంచి వచ్చింది. మొదటి పేజీలో ఒక వేటగాడు భుజాన వల వేసుకుని అడవికి వెళ్తున్నాడు. చెట్ల మధ్య వల కట్టాడు. లేడి చిక్కింది. అప్పుడు వాన కురిసి, వాగు పొంగి, వేటగాణ్ణి తీసుకుపోయింది. ఆఖరి పేజీలో నీళ్ళమీద ఒక చెయ్యి, పక్కన తేలుతున్న వల. కింద గడి కట్టి, "నీతి" అని రాసి, చేసిన పాపం ఊరికే పోదని అచ్చు వేశారు.

వీడియోలో ధనరాజ్ అడిగాడు, "వేటకు వెళ్ళినవాడు ఏమయ్యాడు?"

పిల్లలెవరూ మాట్లాడలేదు. అతనికి ఆ నిశ్శబ్దం అర్థం కాలేదు. రెండోసారి అడిగాడు. మూడో వరసలోంచి గౌరి లేచింది.

"నీల్లల్లో పోనాడు సార్."

"వెరీ గుడ్! ఎందుకు పోయాడు?"

"పాపం సేసినాడు సార్."

"శభాష్! అందరూ చప్పట్లు కొట్టండి!"

పిల్లలు కొట్టారు. సారు కొట్టమంటే కొట్టాలి కదా. వెంకీ అనే పిల్లాడు ఒక్కడే చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. వీడియో కింద టీచర్లందరూ అభినందనలు పెట్టారు. ఆ పిల్లని ఒకరు బంగారు తల్లి అన్నారు.

సంవత్సరీకం నాడు మా ఆయన పెద్ద మేనత్త నా పక్కన కూర్చుని, "ఏ జన్మలో చేసుకున్న పాపమో తల్లీ" అంది. నేను లేచి వెళ్ళి విస్తళ్ళు వేశాను. నలభై దాటిన మనిషిని, ఆ మాట వినీ పని చేసుకోగలిగాను. గౌరికి ఎనిమిదేళ్ళు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ధనరాజ్ బండి మీద వచ్చాడు. మర్నాడు మా బళ్ళోనే టీచర్ల సమావేశం. అదే పాఠం అందరి ముందూ మళ్ళీ చెప్పాలి, ఈసారి నేను చెప్పాలి.

"ఆ పాప భలే షార్ప్ మేడమ్. రేపు ముందు వరసలో కూర్చోబెడదాం. జవాబు తనచేతే చెప్పిద్దాం."

"ఆ పాప తండ్రి పేరు తెలుసాండీ మీకు?"

"తెలీదు మేడమ్."

"లక్ష్ముడు. ఆషాఢంలో వేటకెళ్ళి నీళ్ళలో పోయాడు."

అతని ముఖం మారింది. మంచివాడే, కాదనను. "అయ్యో! నాకెవరూ చెప్పలేదు మేడమ్" అంటూ నరసింగరావుగారి వైపు చూశాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నాకా టైముకి తట్టలేదయ్యా" అన్నారు.

"కానీ మేడమ్," ధనరాజ్ తేరుకున్నాడు, "పుస్తకంలో వేట అంటే అడవిలో జంతువులది. ఇది వేరు, అది వేరు. పిల్లలు కన్‌ఫ్యూజ్ అయ్యారంతే. పదాల కార్డు ఒకటి రాసి పెడితే సరిపోతుంది."

"ప్రతి ఏప్రిల్‌లోనూ ప్రభుత్వంవాళ్ళే ఆటోకి మైకు కట్టి, సముద్రంలో వేట నిషేధం అని ఊరంతా చెప్పి వెళ్తారు. వాళ్ళు కన్‌ఫ్యూజ్ అయ్యారా?"

అతను చేతిలో పుస్తకం అటూ ఇటూ తిప్పాడు.

"వేట, వల, నీళ్ళు. ఈ మూడూ చూపించి, పోయినవాడు ఎందుకు పోయాడని ఈ ఊరి పిల్లల్ని అడిగారు. గౌరి తప్పు చెప్పలేదు. మీరడిగినదానికి సరిగ్గా చెప్పింది. ఆ వీడియో తీసేయండి."

"పైకి వెళ్ళిపోయింది మేడమ్. జిల్లా గ్రూపులో కూడా..."

"అయితే వెళ్ళినచోటికల్లా కబురు పంపండి."

"ఏమని?"

"తండ్రి పోయిన పిల్లచేత, తండ్రి పాపి అని చెప్పించి చప్పట్లు కొట్టించామని."

"అమ్మా, నెమ్మది" అన్నారు నరసింగరావుగారు. నేను గొంతు పెంచలేదు. పెంచి ఉంటే వాళ్ళిద్దరికీ తేలికయ్యేది. ఆడమనిషి, మొగుడు పోయిన బాధలో ఉంది అనుకుని ఊరుకునేవారు.

ధనరాజ్ లేచి, "నేనే ఆ పాపతో మాట్లాడతాను" అన్నాడు.

గౌరి వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. అతను ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. చేతిలో పుస్తకం ఉంది. నేను పిల్ల పక్కన కూర్చున్నాను.

"చూడమ్మా, మీ నాన్నది చేపల వేట. కథలోది జంతువుల వేట. మీ నాన్న ఏ పాపమూ చెయ్యలేదు. సరేనా?"

గౌరి ఆలోచించింది. "సేపకి పానం నేదా సార్?"

"ఉంటుందమ్మా. కానీ మీ నాన్న ఇంటి కోసం పట్టాడు. మీకు అన్నం పెట్టడానికి."

"మరి ఏటగాడు?"

ధనరాజ్ పుస్తకం తెరిచాడు. ఒక్కో పేజీ తిప్పాడు. నేనూ చూశాను. వేటగాడికి ఎర్ర కళ్ళు వేశారు, పెద్ద మీసాలు వేశారు. ఇల్లు వెయ్యలేదు. పొయ్యి వెయ్యలేదు. చెడ్డవాడికి అవి ఉంటాయని ఆ బొమ్మలు వేసినవాళ్ళకు తోచలేదు. పాతపట్నం అవతల కొండల్లో, అడవినే నమ్ముకున్న ఊళ్ళ బళ్ళకూ ఇదే పుస్తకం వెళ్ళి ఉంటుంది. అక్కడ ఏ పిల్ల లేచి నిలబడి జవాబు చెప్పిందో, ఎవరు చప్పట్లు కొట్టారో. ఇందాకటినుంచి నేను ఒక మాటకి రెండు అర్థాలున్నాయనే వాదిస్తున్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల అంతకంటే ముందుకు పోయింది.

గౌరి నావైపు తిరిగింది. "ఆడికి పిల్లలు నేరా టీచర్?"

"పుస్తకంలో రాయలేదమ్మా."

"ఉంటారు" అంది. పుస్తకం లాక్కుని ఆఖరి పేజీ తీసి, నీళ్ళమీద చెయ్యి ఉన్నచోట వేలు పెట్టింది. "నేకపోతే ఎందుకెల్తాడు? వానొస్తంటే ఎందుకెల్తాడు?"

ధనరాజ్ నోరు తెరిచాడు. "అంటే అమ్మా, ఈ కథవల్ల మనం..."

"వద్దండీ" అన్నాను. ఆగిపోయాడు.

"మా అయ్యని ఆ దినం ఎల్లొద్దన్నాది మామ్మ," అంది గౌరి. "నాకు బేగు కొంతానన్నాడు. బడి బేగు. అందుకెల్నాడు."

లక్ష్ముడి శవాన్ని ఇంటికి తెచ్చిన రోజు నేను వెళ్ళాను. ఆ రోజు కూడా ఈ పిల్ల ఏడవడం చూడలేదు. ఇప్పుడు నా ఒళ్ళో తలపెట్టి, "అయ్యా, అయ్యా" అంటూ పెద్దగా ఏడ్చింది. తరగతిలో పిల్లలు ఒక్కొక్కరే గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ధనరాజ్ లేచి, మా ఇద్దరికీ కాస్త దూరంగా వెళ్ళి, గోడవైపు తిరిగి ఫోనులో ఏదో రాయడం మొదలుపెట్టాడు.

లోపలినుంచి నరసింగరావుగారు కేకేశారు. "అమ్మా అరుణా, పిల్లని ఊరుకోబెట్టమ్మా. రోడ్డు మీదికి వినిపిస్తోంది."

"వినిపించనీండి సార్" అన్నాను.