అమ్మీ కోసం ఒక్క తెర

రేవు దగ్గర వన్ టౌన్ సందులో ఆరిఫ్‌కి కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. కొట్టు మీదే ఇల్లు. ఇంట్లో ఉండేది ఇద్దరే, అతనూ, తల్లి చాంద్ సుల్తానా. ఆవిడ అరుగు మీద కూర్చుని కబుర్లు మొదలుపెడితే పనిమీద పోయేవాళ్లు కూడా కాసేపు ఆగేవారు. అలాంటి మనిషికి వానలు మొదలైన వారంలోనే పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ, నోటి మాటా పడిపోయాయి. తెలివి మాత్రం ఎక్కడికీ పోలేదు.

"నీళ్లా అమ్మీ? మందా? దిండు సర్దనా?"

ప్రతిదానికీ తల అడ్డంగా ఊపేది. నాలుగు ప్రశ్నలయ్యాక గోడవైపు తిరిగిపోయేది.

ఇంట్లో ఉర్దూ మాట్లాడినా ఆవిడ చదువుకున్నది తెలుగు బడిలో. అందుకని ఆరిఫ్ ఓ పాత కంప్యూటర్‌కి టచ్ స్క్రీన్ తగిలించి, అక్షరాలు పెద్ద పెద్ద గళ్లలో కనిపించే ప్రోగ్రామ్ ఒకటి రాశాడు. ఎడమచేతి వేలితో తాకితే పైన మాట కూడుతుంది. బాగానే ఉందనుకున్నాడు. కానీ ఆవిడ వేలు జారి అంచుకు తగిలితే ఆ ప్రోగ్రామ్ విండో, అదే ఆ కిటికీ, కుదించుకుపోయేది, లేదా మూసుకుపోయి వెనక ఏవేవో బొమ్మలు బయటపడేవి. తనే ఏదో పాడుచేశానన్నట్టు ఆవిడ చెయ్యి చటుక్కున ఒళ్లోకి లాక్కునేది. మూడోరోజు ఇక ముట్టుకోలేదు.

అప్పుడతను అన్నీ చెరిపేసి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా ఎక్కించాడు. కిటికీలను జరిపి, పెంచి, మూసే విండో మేనేజర్‌ని అసలు పెట్టలేదు. మీట నొక్కితే ఆ ఒక్క ప్రోగ్రామే రావాలి, మూయడానికీ జరపడానికీ ఏమీ ఉండకూడదు. తీరా చూస్తే నల్లటి తెరకు ఎడమవైపు పైమూలన పోస్టుకార్డంత కిటికీ వచ్చి కూర్చుంది. తెరంతా పరుచుకోమని ప్రోగ్రామ్ అడుగుతూనే ఉంది, ఆ మాట వినే విండో మేనేజర్‌నే తను తీసేశాడు. రెండు రోజులు తల బద్దలుకొట్టుకున్నాక దారి దొరికింది. మొదలవగానే తెర పొడవు వెడల్పులు ప్రోగ్రామే కనుక్కుని సరిగ్గా అంతకే పరుచుకునేలా మార్చాడు. ఆగిపోతే దానంతటదే మళ్లీ లేచేలా కూడా కట్టుదిట్టం చేశాడు.

మర్నాడు ఉదయం తల్లి ముందు పెట్టి, "ఏది కావాలంటే అది రాయి. ఇదింక ఎక్కడికీ పోదు" అన్నాడు.

ఆవిడ చాలాసేపు చూసింది. వేలు ఒక్కో గడి మీదా ఆగి ఆగి కదిలింది. పైన ఒక పేరు కూడింది: గంగాలమ్మ.

 గంగాలమ్మ ఇరవై ఏళ్లుగా చేపల గంప దించుకుని ఆ అరుగు మీద గంటసేపు కూర్చునే మనిషి. జబ్బు చేసిన కొత్తలో గుమ్మంలోంచే, "అమ్మీ మాట్లాడలేకపోతోంది పిన్నీ, కొన్నాళ్లు రాకు" అని తిప్పి పంపింది ఆరిఫే.

వెంటనే హార్బర్‌కి వెళ్లి వెతికితే చందువా చేపలు ఏరుకుంటూ కనిపించింది.

"నువ్వే గదా రావొద్దన్నావు? రోజూ ఆ సందు మొదలుదాకా వచ్చి తిరిగిపోతన్నాను" అంది.

అతని వెంట వచ్చిన గంగాలమ్మని చూడగానే అమ్మీ కళ్లు మెరిశాయి. గబగబా రాసి తెర చూపించింది. గంగాలమ్మ తెరని చూసి, ఆరిఫ్‌ని చూసింది.

"ఏటి రాసింది బాబూ? నాకు అచ్చరం ముక్క రాదు."

అతనికి ఆ ఆలోచనే రాలేదు. చదివి చెప్పాడు: "ఎందుకు రాలేదు?"

మర్నాటికి రాసింది పైకి చదివే గొంతు కూడా జోడించాడు. గంగాలమ్మ రెండు మాటలు విని చెవులు మూసుకుంది.

"ఆపీ బాబూ. ఇది బీబీ గొంతు కాదు. ఆ గొంతు నాకు తెలీదేటి? బీబీ మాటలు కూడా నానే ఆడతాను."

మంచం పట్టె మీద కూర్చుని, అమ్మీ ఎడమచెయ్యి తన ఒళ్లో పెట్టుకుని మొదలెట్టింది. వేట సంగతులు, కోడలి సంగతులు. అమ్మీ నవ్వింది. నోరు ఒకవైపే కదిలినా అది నవ్వే. గుమ్మంలో నిలబడ్డ ఆరిఫ్ వైపు ఇద్దరూ చూడలేదు. అతను కిందికి వచ్చి కొట్టులో కూర్చున్నాడు. పైనుంచి గంగాలమ్మ గొంతొక్కటే వినిపిస్తోంది. ఆ తెర కోసం మూడు వారాలు తను ఆ గదిలోనే పనిచేశాడు, తల్లి వైపు వీపు పెట్టి.

గంగాలమ్మ వెళ్లాక అన్నం తీసుకుని పైకెళ్లాడు. తెర మీద ఒక మాట ఉంది: కూర్చో.

కూర్చున్నాడు. అమ్మీ అతనివైపే చూస్తోంది.

"పొద్దున ఒకాయన లాప్‌టాప్ తెచ్చాడమ్మీ. విప్పితే లోపల చీమలు పుట్ట పెట్టేశాయి."

 ఈ మధ్య తను ఎవరితోనైనా ఏదైనా చెప్పాడా అని వెతుక్కున్నాడు. రేవులో ఓడ కూత పెట్టింది. అమ్మీ వేలు తెర మీదికి పోలేదు. ఎదురుచూస్తూ ఉంది.

"నల్లచీమలు" అన్నాడు చివరికి.