గోడకన్నంలో దిండు

మధ్యాహ్నానికల్లా రెండో హీటరు కూడా వెచ్చటి గాలి కొట్టాలని యజమాని పొద్దున్నే హుకుం జారీ చేశాడు. పదకొండు దాటినా గ్యాసు మేస్త్రి ఇంకా నిచ్చెన మీదే ఉన్నాడు. మనిషంత బరువున్న ఇనుప పెట్టెను పైకప్పు దూలానికి నాలుగు చువ్వలతో వేలాడదీసి, నట్లు బిగించి, లెవెల్ చూసుకున్నాడు. గొట్టంలోకి గాలి కొట్టి అతుకులకు సబ్బునీళ్ళు పూస్తే ఒక్క బుడగ లేవలేదు, ఎక్కడా కారడం లేదు. పొగగొట్టం కప్పు దాటి బయటికి పోయింది. పని కోసం గ్యాసు కట్టేయడంతో పాత హీటరూ ఆగిపోయింది. కింద ఇరవై ఆరుమంది ఆడవాళ్ళు కొంకర్లు పోతున్న వేళ్ళతో చలికోట్లు కుడుతున్నారు. లోకానికి కోట్లు కుట్టేవాళ్ళు పలచటి శాలువాల్లో వణకడం ఆ షెడ్డులో ఎవరికీ వింతగా తోచదు.

మేస్త్రి పనికి వంక పెట్టడానికి లేదు. నిరుడు మొదటి హీటరు పెట్టినప్పుడూ అంతే. మంటకు గాలి కావాలని వెనకగోడకు జానెడు పొడవు, జానెడు వెడల్పు కన్నం కొట్టి జాలీ బిగించాడు. అది మూసుకుపోతే మంట సరిగ్గా మండదు, విషవాయువు షెడ్డులోకే దిగుతుంది. ఆ విషానికి రంగూ లేదు, వాసనా లేదు. ఈ సంగతి కుట్టేవాళ్ళకు చెప్పబోతుంటే యజమాని భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్ళాడు. వింటే హడలిపోయి సగంమంది పని మానేస్తారని, కన్నం ఎలాగూ కొట్టావు కదా, ఇంక నోరెందుకని నవ్వాడు. మేస్త్రి కూడా నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ అతనికి తనమీద తనకే రోత పుడుతుంది.

రెండో హీటరుకు ఆ ఒక్క కన్నం చాలదు. ఇంకోటి ఎక్కడ కొట్టాలో చూద్దామని నిచ్చెన దిగి వెనకగోడ దగ్గరికి వెళ్ళి బట్టల మూట పక్కకు జరిపాడు. జాలీ కనిపించలేదు. కన్నం నిండా ఒక దిండు, కొలిచి కుట్టినట్టు సరిపోయి ఉంది. దాని అంచు చుట్టూ రెండు వరుసల కుట్టు. అలా కుట్టేది ఆ షెడ్డులో ఒక్కతే, అతని సొంత వదిన.

"ఎలా ఉంది మరిదిగారూ?" వదిన తన మిషను దగ్గర్నుంచే అడిగింది. "నిరుడు ఆ కన్నంలోంచి గాలి తిన్నగా నా వీపుకే కొట్టేది. ఎవరో మూయడం మర్చిపోయారనుకుని పేలికలు కూరి నేనే కుట్టి పెట్టా."

పక్కవాళ్ళు నవ్వారు. మేస్త్రి ఈసారి నవ్వలేదు.

నిరుడు చలికాలమంతా వదినకు తలనొప్పి. ఇంటికొచ్చి వాంతులు చేసుకునేది. ఒక్క నెలలో ఆరుసార్లు పని మధ్యలో లేచి వచ్చేస్తే ఆరు సగంపూటల కూలి పోయింది. అన్న అవన్నీ వేషాలన్నాడు. తనేమో చూపు మందగించి ఉంటుందని పెద్దమనిషిలా చెప్పి కళ్ళజోడు పెట్టించాడు. ఆ రోజే ఒక్క మాట అడగొచ్చు, గోడకన్నం తెరిచే ఉందా అని. అడిగితే ఎందుకంటుంది. చెప్పాల్సి వస్తుంది. అది యజమాని చెవిన పడుతుంది, తన పనికి ఎసరొస్తుంది. అందుకే అడగలేదు. ఆమె వండి పెట్టింది తింటూ, ఆమె నుదుటికి గుడ్డ కట్టుకోవడం చూస్తూ ఊరుకున్నాడు. దీన్ని పిరికితనమనక ఇంకేమనాలి?

ఇంతలో యజమాని వచ్చాడు. దిండును చూసి ముచ్చటపడ్డాడు. "భలే కుట్టారే. రేపు దాని మీద సిమెంటు పూసెయ్, గ్యాసు ఆదా అవుతుంది. ముందు రెండూ వెలిగించు."

మేస్త్రి దిండు లాగేశాడు. చలిగాలి రివ్వున లోపలికొచ్చింది.

"నేను వెలిగించను," అన్నాడు.

తర్వాత కుట్టేవాళ్ళ వైపు తిరిగి, ఆ కన్నం ఎందుకో, అది మూస్తే ఏమవుతుందో, తలనొప్పులు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఏదీ దాచకుండా చెప్పాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. యజమాని మధ్యలో అడ్డుపడి, ఊళ్ళో మేస్త్రీలకు కరువా అన్నాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

వదిన లేచి దగ్గరికొచ్చింది. "ఇదంతా నిరుడే తెలుసా నీకు?"

"తెలుసు వదినా."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి. తను కుట్టిన దిండునే చూస్తూ, తలెత్తకుండానే అడిగింది, "రెండిటికీ ఎంత కన్నం కావాలి?"

"అంతదే ఇంకోటి."

బట్ట మీద గీతలు గీసే సుద్దముక్క ఆమె చేతిలోనే ఉంది. పాత కన్నం పక్కన అదే కొలతకు నాలుగు గీతలు గీసింది. గీసినవాళ్ళు రేపట్నుంచి రానక్కర్లేదని యజమాని గట్టిగా అన్నాడు. పక్క మిషను మీది పెద్దావిడ మెల్లగా నడిచొచ్చి, ఆ సుద్ద తీసుకుని, అవే గీతల మీద మళ్ళీ గీసింది. ఆవిడ వెనక ఇంకో చెయ్యి సుద్ద కోసం చాచి ఉంది.

మేస్త్రి డ్రిల్లు వైరు ప్లగ్గులో పెట్టి, మొన గోడకు ఆనించాడు. వదిన ఒక్కసారి తన వైపు చూస్తుందేమోనని ఆగాడు. ఆమె చూడలేదు.