నీలిపూల గుడ్డ

తోమాల్సింది ఒక్క గిన్నె. అదీ గంజి తాగిన గిన్నె. కాసిని నీళ్లు పోసి తొలిపితే చాలు. అయినా హోసియత్ చేతులు వింటేగా! సోడా కలిపిన వేడినీళ్లలో ఒకసారి, గోరువెచ్చని నీళ్లలో ఒకసారి, ఆఖరికి చన్నీళ్లలో ఒకసారి ముంచి తీసి, తెల్లారే వెలుగుకేసి పట్టి చూసి, గుడ్డ మీద బోర్లించింది. పక్కన ఇంకో వెయ్యి గిన్నెలు బోర్లించడానికి చోటు వదిలినట్టు ఓ మూలకి జరిపి మరీ పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది, ఇది పెళ్లిళ్ల హాలు కాదని.

పొట్టి మనిషి. నడుము అంట్లతొట్టి ఎత్తుకి వంగి అక్కడే ఆగిపోయింది. చేతులు మాత్రం ఆ ఒంటికి అతకనంత పెద్దవి. మోచేతుల దాకా కందిపోయి, గోళ్లు పలచబడి, కుడి బొటనవేలు పళ్లెం అంచుని పట్టుకున్నట్టు ఎప్పుడూ లోపలికి వంగే ఉంటుంది. ఇన్నేళ్లలో ఈ మార్గిలాన్ ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లు జరిగాయో, వాటిలో సగానికి పైగా ఎంగిలి ఈ చేతులమీదుగానే పోయింది. ఒక్క పెళ్లికూతురి మొహం కూడా ఆమె చూసి ఎరగదు.

హాల్లో పని చేసినన్నాళ్లూ ఆమె ఇంట్లో పొయ్యి చాయ్‌కి తప్ప వెలగలేదు. తెల్లవారుజామున పెళ్లిపులావు తిని జనం వెళ్లిపోయాక, గుండిగ అడుగున మిగిలింది పనివాళ్లకి పంచేవారు. ఓ డబ్బాలో సర్దుకుని తెచ్చుకుంటే ఒంటి ప్రాణానికి రెండు పూటలు గడిచేది. మాంసం ముక్కలు, సగం తుంచిన నాన్లు, ఎండుద్రాక్షలు, ఒక్కోసారి మిఠాయి కూడా. అందుకని చేతికొచ్చిన కూలీ అంతా తిన్నగా పాత చెక్క సందూకులోకి వెళ్లేది.

ఆ సందూకులో ఉన్నది ఆమె చావు. ఇక్కడ ముసలివాళ్లంతా అలా దాచుకుంటారు, అందులో వింతేం లేదు. శవానికి చుట్టే కఫన్‌కి తెల్లగుడ్డ, స్నానం చేయించేవాళ్లకి సబ్బులు, సమాధి తవ్వేవాళ్లకి డబ్బు, వచ్చిన ప్రతి మనిషికీ తలో ముక్క చింపి ఇవ్వడానికి పూలగుడ్డ. నిండు వయసులో పోయిన మనిషి ఇంటినుంచి అలా ఓ గుడ్డముక్క తీసుకెళ్తే ఆ ఆయుష్షు తమకీ వస్తుందని జనం నమ్మకం. అందరూ దాచుకుంటారు గానీ, హోసియత్ దాచుకోవడంలో పంతం ఉంది. మొగుడు ఖాబిల్ పోయినప్పుడు ఇంట్లో చింపడానికి చేతిరుమాలంత గుడ్డ లేదు. మహల్లాలో, అంటే పేటలో వాళ్లు తలో చెయ్యి వేసి కఫన్ కొన్నారు. ఖననం అయిపోయి అందరూ వెళ్తుంటే, గుమ్మం దగ్గర ఎవరో ఆడమనిషి "ఉత్త చేతుల్తో పంపారమ్మా" అంది. అన్నది ఎవరో చూడలేదు గానీ ఆ మాట మాత్రం ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. తన గుమ్మంలోంచి ఒక్కరు కూడా ఉత్త చేతుల్తో వెళ్లకూడదు. అంతే. ఆమెకి అంతకుమించి కోరికలేవీ లేవు.

ఆ పంతమే ఈ కరోనా రోజుల్లో ఆమె కొంప ముంచింది. మార్చిలో, రేపటినుంచి బజారు మూసేస్తారని పుకారు పుట్టగానే ఊరు ఊరంతా పిండికోసం, నూనెకోసం పరిగెత్తింది. హోసియత్ కూడా పరిగెత్తింది. బట్టల కొట్టుకి! కొట్లు మూశాక తను పోతే ఏం చింపి పంచుతారని ఆమె భయం. నీలిపూల గుడ్డ తాను మొత్తం బేరమాడి, భుజాన వేసుకుని, మూటలతో ఎదురొస్తున్న జనాన్ని తోసుకుంటూ ఇల్లు చేరింది. గోడవతల మస్తురా అది చూసి నోరు వెళ్లబెట్టింది.

"అదేంటక్కా! అందరూ తిండికోసం కొట్టుకుంటుంటే నువ్వు గుడ్డలు మోసుకొస్తున్నావా? ఉల్లిపాయలేసి వేయించుకు తింటావా ఏంటి?"

"నా చావు నా ఇష్టమే తల్లీ."

తీరా హాలు మూతపడింది. పెళ్లిళ్లు లేవు, కూలీ లేదు, డబ్బా లేదు. ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి నూనె కొనడానికి వెళ్లి, కొట్టువాడు చెప్పిన ధర విని హోసియత్ "బంగారం కాదు నాయనా, నూనె అడిగాను" అంది. వాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. సగం సీసా తీసుకుని వచ్చింది. అప్పట్నుంచి నూనెని సీసా మూతతో కొలిచి పోస్తోంది. వాడిన చాయ్ ఆకు కిటికీలో ఆరబెట్టి మళ్లీ మరిగిస్తోంది. సమాధి తవ్వేవాళ్లకని ముడివేసిన డబ్బు విప్పింది. విప్పిన ప్రతిసారీ ఎవరి జేబో కొట్టేస్తున్నంత సిగ్గు. ఇప్పుడు రుమాల్లో ఒక్క ముడి డబ్బే మిగిలింది.

గిన్నె తుడిచి పెట్టి వాకిట్లోకి వచ్చేసరికి గోడమీద మస్తురా తల కనబడింది. మస్తురా అంటే తలే. లాక్‌డౌన్ మొదలయ్యాక ఒళ్లంతా చూసింది లేదు. ఆమె వెనకాల దూడ అరుస్తోంది.

"విన్నావా అక్కా? కొత్త కోడలు పొద్దున్నే పేడ ఎత్తింది! హాల్లో పెళ్లి చేసుంటే ఇది పేడ ఎత్తేదా, ముస్తాబు దిగేదా?" మస్తురా గొంతు తగ్గించింది. "ఊరికే చెప్పకూడదు గానీ, ఈ జబ్బు మా నెత్తిన పాలు పోసింది. పదిమందితో నిఖా అయిపోయింది. అప్పు తేలేదు, పైగా దూడ కొన్నాం. కాకపోతే ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లకి నేను చదివించిన చదివింపులున్నాయే, అవి మాత్రం నీళ్లలో పోసినట్టే."

"మంచిదే కదే, మిగిలాయి" అంది హోసియత్.

అనడం అన్నది గానీ లోపల ఎక్కడో కలుక్కుమంది. వీధిలో ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. పెళ్లి ఖర్చు తప్పింది, విందు ఖర్చు తప్పింది, దూడ వచ్చింది, కప్పు వేయించాం. వాళ్లకి మిగిలిందంతా తన డబ్బాలో తగ్గిందే. ఎవరిమీదని కోప్పడుతుంది?

రంజాన్ నెల. మామూలుగా అయితే సాయంత్రం ఎవరో ఒకరు ఇఫ్తార్‌కి పిలిచేవారు. పిలవకపోయినా గోడమీదుగా గిన్నెలు అటూ ఇటూ తిరిగేవి. ఇప్పుడు గిన్నె ముట్టుకోవడానికి కూడా భయమే. మొన్న శుక్రవారం వీధి చివర మోమిన్ తాత పోయాడు. తొంభై ఏళ్ల మనిషి. మామూలు రోజుల్లో అయితే వచ్చిన జనం వీధిలో పట్టేవారు కాదు. నలుగురు మోసుకుపోయారు. గేటు పక్కన ఆయన కోడలు చింపిన గుడ్డల దొంతర పట్టుకుని నిలబడింది. తీసుకునేవాళ్లు లేరు. కాసేపు చూసి ఆ దొంతర అలాగే లోపలికి తీసుకెళ్లింది. తన గేటు సందులోంచి అది చూసిన హోసియత్‌కి ఆ రాత్రి గంజి దిగలేదు. చచ్చేంత ఒంటరితనం అంటే ఏంటో ఆమెకి మొగుడు పోయినప్పుడు కూడా తెలియలేదు, ఆ దొంతర లోపలికి వెళ్తుంటే తెలిసింది.

పొద్దెక్కాక గేటు చప్పుడైంది. మహల్లా పనులు చూసే తోహిర్. రోజూ తిరిగి తిరిగి బూట్లన్నీ దుమ్ము. మొహానికి పాత చేతిరుమాలు కట్టుకున్నాడు. చేతిలో సంచీ.

"ఖాలా! ఇదిగో, పిండి, నూనె, కాస్త బియ్యం. లేనివాళ్లకి పంచమన్నారు."

"అయితే లేనివాళ్లకే ఇయ్యి."

"మరి నీకు..."

"నాకుంది."

తోహిర్ ఆమె మొహం చూశాడు. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. రుమాలు సర్దుకున్నాడు. అది మళ్లీ జారింది.

"ఏంట్రా ఆ అవతారం? గుర్రం దొంగలా ఉన్నావు."

"ఏం చెయ్యను ఖాలా! మాస్క్ లేకుండా గడప దాటితే జరిమానా. మందుల షాపులో దొరకట్లేదు. బట్టల కొట్లన్నీ మూత. వీధిలో సగంమంది ఒకే మాస్క్‌ని వంతులేసుకుని రొట్టెకి వెళ్తున్నారు, అదీ ఖర్మ."

హోసియత్ వాకిట్లో మల్బరీ చెట్టు కింద నీడని చూస్తూ నిలబడింది. లోపల చేత్తో తిప్పే కుట్టుమిషను ఉంది, అత్తగారిది. సందూకులో నీలిపూల తాను ఉంది. ఇస్తే తన గుమ్మంలో చింపడానికేం మిగలదు. ఇవ్వకపోతే? మోమిన్ తాత కోడలి చేతిలో దొంతర కళ్లముందు ఆడింది.

"ఊరికే ఇస్తే పుచ్చుకోను" అంది చివరికి. "కుట్టుకూలీ కిందైతే ఆ సంచీ అక్కడ పెట్టు. సాయంత్రానికి మనిషికో మాస్క్ చొప్పున కుడతాను. గుడ్డ సంగతి అడక్కు."

తోహిర్ సంచీని గుమ్మంలో పెట్టి, రెండు చేతులూ గుండెకి ఆనించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగాడు. "నీక్కూడా ఒకటి కుట్టుకో ఖాలా."

"నేనెక్కడికి పోతాన్రా?"

సందూకు తెరిస్తే సబ్బుల వాసన గుప్పుమంది. తెల్లగుడ్డ తీసి పక్కన పెట్టింది. దాని జోలికి వెళ్లేది లేదు. సబ్బులు నిమిరి చూసుకుని అలాగే ఉంచింది. అడుగునుంచి నీలిపూల తాను బయటికి లాగింది. కత్తెర వెతికే ఓపిక లేదు. అలవాటు కొద్దీ అంచుని పళ్లతో కొరికి, రెండు చేతులతో పట్టి లాగింది. చర్రుమంది. ఇంకోసారి. ఇంకోసారి.

గోడవతల ఏదో కింద పడింది. దూడ తాడు వదిలేసి, చెప్పులైనా లేకుండా మస్తురా గేటు తోసుకుని లోపలికి ఉరికొచ్చింది. లాక్‌డౌన్ మొదలయ్యాక తల కాకుండా మిగతా మస్తురా కనబడటం అదే. మొహం పాలిపోయి ఉంది.

"ఎవరక్కా? ఎవరు పోయారు?"

ఈ వీధిలో గుడ్డ అలా వరసగా చిరిగిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే లెక్క. కానీ ఆ ఇంట్లో ఉన్నదే ఒక్క మనిషి. ఆ మనిషి చింపిన గుడ్డ చేతిలో పట్టుకుని కళ్లెదురుగా కూచుని ఉంది.

"ఎవరూ పోలేదే, కూచో. మాస్క్‌లు."

మస్తురా కూలబడింది. కాసేపటికి గుడ్డని గుర్తుపట్టింది. "అక్కా, ఇది... నీ..."

"అవును. నువ్వన్నట్టు ఉల్లిపాయలేసి వేయించలేం కదా."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ మస్తురా ఏడ్చేసింది. ఎందుకేడుస్తోందో ఆమెకే తెలియదు. హోసియత్ మిషను ముందుకి జరుపుకుంది. మస్తురా దూరంగా గుమ్మం దగ్గరే కూచుని మాస్క్‌లకి తాళ్లు కత్తిరించి పెట్టింది. చక్రం తిప్పే చెయ్యి మధ్యలో ఒకటి రెండు సార్లు ఆగింది. హోసియత్ ఛాతీ మీద అరచెయ్యి ఆనించి, ఊపిరి తీసుకుని, మళ్లీ తిప్పింది.

"ఏంటక్కా?"

"రోజా కదా, ఉపవాసం నీరసంలే."

ఇఫ్తార్‌కి కాస్త ముందు ఆమె బుట్టతో వీధిలోకి నడిచింది. గేటు తట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, ఆ ఇంట్లోవాళ్లకి సరిపడా మాస్క్‌లు చెయ్యి చాపి ఇచ్చేది. తలుపు తీసినవాళ్లు ఒక్కొక్కరే ఆమెనీ, చేతిలో చింపిన పూలగుడ్డనీ చూసి, "అయ్యో, ఖాలా! బతికే ఉన్నావా?" అనేవారు. అలవాటు చొప్పున రెండు చేతులతో అందుకుని, ఆ నీలిపూల ముక్కని కళ్లకద్దుకుని, అరచేతులతో మొహం తడుముకుని దువా చేసేవారు. మోమిన్ తాత కోడలు మాత్రం గుడ్డకేసి చాలాసేపు చూసింది. ఏ గుడ్డో ఆమెకి అర్థమైంది. "నీ ఆయుష్షు మాకూ ఇవ్వాలి ఖాలా" అంది మెల్లగా. ఆ మాట ఇలాంటి గుడ్డ అందుకునేటప్పుడే అంటారు. హోసియత్ బుట్ట చెయ్యి మార్చుకుని ముందుకి నడిచింది. రెండు నెలల తర్వాత ఇన్ని మొహాలు ఒక్కసారే చూసింది. ఇంటికి తిరిగి వస్తుంటే నడుము నొప్పి కూడా తెలియలేదు, అంత సంతోషంగా ఉంది.

ఆ సాయంత్రం కూలీకొచ్చిన నూనె ధారాళంగా పోసి, మూతతో కొలవకుండా, అన్నం వండుకుంది. ఓ గిన్నెడు గోడమీద పెట్టి "మస్తురా!" అని కేకేసింది. తను తిన్న గిన్నె మూడు నీళ్లలో ముంచి తీసి బోర్లించింది. తర్వాత మిషను ముందు కూచుంది.

తెల్లవారుజామున సహరీ తిండివేళకి ఆ కిటికీలో దీపం కనబడలేదని మస్తురా గోడ ఎక్కింది.

పాడె మోయడానికి ఐదుగురికే అనుమతి ఇచ్చారు. కఫన్ సందూకులోంచే వచ్చింది, ఎవరూ చెయ్యి వెయ్యాల్సిన పని లేకపోయింది. స్నానం చేయించినామెకి సబ్బు దక్కింది. సమాధి తవ్వినవాడు రుమాల్లో ఆ ఆఖరి ముడి అలాగే ఉండగా, విప్పకుండా జేబులో వేసుకున్నాడు. పాడె లేచేముందు మస్తురా సందూకులోకి మళ్లీ చెయ్యి పెట్టి వెతికింది. చింపి ఇవ్వడానికి అరచేతి వెడల్పు పూలగుడ్డ అయినా లేదు. అక్క దేనికి భయపడిందో అదే జరుగుతోందని ఆమె ఉత్త చేతులతో గేటు దాకా పరిగెత్తింది.

మోస్తున్న ఐదుగురి మొహాలమీదా నీలిపూలు. ముందు తోహిర్. బయట వీధి పొడుగునా, ఎవరి గేటు దగ్గర వాళ్లు, దూరం దూరంగా నిలబడి ఉన్నారు. ఆడా మగా, పిల్లా పెద్దా. ఒక్కరు కూడా తప్పిపోలేదు. అందరి మొహాలకీ హోసియత్ గుడ్డే.

"అందరికీ ముట్టిందక్కా" అంది మస్తురా, పాడెతో.

వీధి ఖాళీ అయ్యాక ఆమె లోపలికి వెళ్లి గిన్నె తీసి అలమారలో పెట్టింది, సందూకు మూత వేసింది. కిటికీ పక్కన మిషను సూది ఇంకా కిందికి దిగే ఉంది. దాని కింద ఓ నీలిపూల మాస్క్, ఒక తాడే కుట్టి ఉంది.